రంభ గాలికో చిన్న తెరచాప

2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు జరిగాయి. బాలికల డింగీ పందెంలో మన దేశానికి వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్‌ది మధ్యప్రదేశ్‌లోని దేవాస్ ప్రాంతం. రైతు కుటుంబం. ఆ రాష్ట్రానికి ఏ దిక్కునా సముద్రం లేదు. ఆమె తెరచాప పడవ నడపడం నేర్చుకున్నది భోపాల్ పెద్ద చెరువు దగ్గర, జాతీయ సెయిలింగ్ స్కూల్లో. పతకం వచ్చేనాటికి ఆమెకు పదిహేడేళ్లు.

ఆ వార్త చదివి ఒడిశాలోని మా బరంపురంలో చాలామంది సంతోషించారు, నేనూ సంతోషించాను. దాంతోపాటే ఒక బాధ పట్టుకుంది. మా ఊరి నుంచి గోపాల్‌పూర్ సముద్రం పదిహేను పదహారు కిలోమీటర్లు. ఉత్తరంగా హైవే మీద గంట ప్రయాణం చేస్తే రంభ, అక్కడ చిలికా సరస్సు. గోపాల్‌పూర్ మొదలుకొని బాహుదా నది కలిసేచోట సోనాపూర్ దాకా, దాన్ని దాటితే ఇచ్ఛాపురం తీరం దాకా, ఇళ్లలో తెలుగు మాట్లాడే జాలరి పల్లెలు వరసగా ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న మా గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. పల్లెలు, పడవలు, భాష ఎక్కడివక్కడే ఉన్నాయి. నీళ్లున్నాయి, గాలి ఉంది, తరతరాలుగా గాలిని చదివిన కుటుంబాలున్నాయి. లేనిది ఒక చిన్న పడవల క్లబ్బు. దాని గురించే ఈ వ్యాసం. పతకాల సంగతి తర్వాత. అంతకన్నా ముఖ్యమైనదేదో అలాంటి క్లబ్బుల దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

డింగీ అంటే ఒకరో ఇద్దరో నడిపే చిన్న తెరచాప పడవ. ఇంజను ఉండదు. పదిహేనేళ్లలోపు పిల్లలు నడిపే ఆప్టిమిస్టు పడవ పొడవు 2.3 మీటర్లు, బరువు 35 కిలోలు, తెరచాప మూడు చదరపు మీటర్ల పైచిలుకు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే పడవల పనివాడు ప్లైవుడ్డుతో, ఇంట్లోనే చేసుకోగలిగేలా దాన్ని తయారు చేశాడు. పెద్దవాళ్లు ఎక్కువగా వాడేది లేజర్. ఇప్పుడు దాని పేరు ఇల్కా అని మార్చారు గాని ఒడ్డున అందరూ ఇంకా లేజరనే అంటారు. పొడవు నాలుగు మీటర్ల పైన, బరువు అరవై కిలోలకు అటూ ఇటూ. దాని గొప్పతనం నా దృష్టిలో వేగంలో కన్నా ఇంకో చోట ఉంది. పడవ ఒక్కటే, తెరచాపలు మూడు. పెద్దది ఏడు చదరపు మీటర్లు, మధ్యది 5.7, చిన్నది 4.7. బరువు తక్కువైన పిల్లలకీ, గాలి ముదిరినప్పుడు తేలికపాటి మనిషికీ చిన్నది కడతారు. నేహా పతకం గెలిచింది ఆ చిన్న తెరచాపతోనే.

దీని వెనక లెక్క సూటిగా ఉంటుంది. గాలి వేగం రెట్టింపయితే తెరచాప మీద పడే ఒత్తిడి రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లవుతుంది. పన్నెండు నాట్ల గాలిలో, అంటే గంటకు ఇరవై రెండు కిలోమీటర్ల గాలిలో, హాయిగా నడిచిన పడవే ఇరవై నాలుగు నాట్ల గాలిలో మనిషిని ఎత్తి పడేస్తుంది. అందుకే గాలి పెరిగిన రోజున నడిపేవాడు పడవ అంచు మీదికెక్కి, కాళ్లు లోపలి పట్టీలకింద తగిలించి, నడుము దాకా బయటికి వెనక్కి వాలిపోతాడు. ఒక చేతిలో చుక్కాని పిడి, ఇంకో చేతిలో తెరచాప తాడు. గాలి ఉద్ధృతి ఒక్కసారిగా వచ్చిపడితే తాడు వదులు చెయ్యాలి. వదలకుండా పంతానికి పోయాడా, పడవ పల్టీ కొట్టినట్టే. గాలి వీపు వెనకనుంచి కొడుతున్నప్పుడు తెరచాపను ఒక పక్కనుంచి ఇంకో పక్కకు మార్చడం అన్నిటికన్నా గండం. తెరచాప అడుగున ఉండే అడ్డకొయ్య ఒక్క ఊపున తల మీదుగా దూసుకుపోతుంది. పడవలు ఎక్కువగా తిరగబడేది అక్కడే.

తెలుగు నేల మీద ఇదంతా కళ్లారా చూడాలంటే హుస్సేన్‌సాగర్‌కు వెళ్లాలి. కుతుబ్‌షాహీల కాలంలో తవ్విన ఆ చెరువు మీద జూలైలో పడమటి నుంచి రుతుపవనపు గాలి దిగుతుంది. ఊరి మేడల మధ్యనుంచి వస్తుంది గనక అది నిలకడగా వీచదు. ఒక నిమిషం చచ్చిపోయినట్టుంటుంది, మరు నిమిషంలో మీదపడుతుంది. ఆ కాలాన్నే ఏరికోరి సైన్యంలోని ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ వాళ్లు దశాబ్దాలుగా హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పేరుతో లేజర్ పందేలు జరుపుతున్నారు. దేశం నలుమూలల నుంచి సైనికులు, నావికులు, సివిల్ క్లబ్బుల వాళ్లు వస్తారు. 2009లో సుహేమ్ షేక్ అదే ఒడ్డున యాచ్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ పెట్టారు. ఆ క్లబ్బు ఏటా వానాకాలంలో పిల్లలకు మాన్సూన్ రెగెట్టా అనే పందేలు నడుపుతుంది. మన దేశంలో యాచ్ క్లబ్బులంటే బొంబాయిలో 1846 నాటిదీ, మద్రాసులో 1911 నాటిదీ గుర్తొస్తాయి. రెండూ తెల్లదొరల కాలంలో పుట్టినవే. ఇది కలిగినవాళ్ల ఆట అన్న పేరు అక్కడినుంచే వచ్చింది. హైదరాబాద్ క్లబ్బు ఆ పేరును గట్టిగా దెబ్బతీసింది. పేదవాడల పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని, పడవెక్కించి జాతీయ పోటీల దాకా తీసుకెళ్లింది. నీళ్లంటే నల్లా దగ్గర క్యూ తప్ప తెలియని పిల్లలు అక్కడ ఈత దగ్గర్నుంచి మొదలుపెట్టారు.

ఆ పిల్లలకు మొదట్లోనే నేర్పే పాఠాల్లో ఒకటి నన్ను బాగా ఆకట్టుకుంది. పడవను కావాలని తిరగెయ్యమంటారు. గాలి తక్కువున్న రోజున, ఒడ్డుకు దగ్గర్లో, లైఫ్ జాకెట్ తొడిగించి, పక్కనే ఇంజను పడవ నిలబెట్టి, "తిరగెయ్" అంటారు. పిల్ల నీళ్లలో పడుతుంది. పడగానే చెయ్యాల్సిన మొదటి పని పడవను పట్టుకోవడం. ఈదుకుంటూ ఒడ్డుకు పోదామన్న బుద్ధి పుట్టకూడదు. ఒడ్డు ఎప్పుడూ కనిపించేదానికన్నా దూరంలో ఉంటుంది, తేలే పడవ మాత్రం చేతికందేంత దగ్గర్లో ఉంటుంది. తర్వాత పడవ అడుగు వైపుకు వెళ్లి, నీళ్లలోకి దించే నిలువు పలక మీద ఎక్కి నిలబడి, అంచు పట్టుకుని ఒంటి బరువంతా వెనక్కి వేయాలి. తెరచాప నీళ్లలోంచి మెల్లగా లేస్తుంది, పడవ నిటారుగా నిలుస్తుంది, పిల్ల లోపలికి పాకుతుంది. ఒకసారితో ఆపరు, భయం పోయేదాకా చేయిస్తారు. లోతు తక్కువ నీళ్లలో ఇంకో చిక్కుంది. పడవ పూర్తిగా బోర్లాపడితే తెరచాప కట్టిన కొయ్య చివర బురదలో దిగబడుతుంది. అందుకని కొత్తవాళ్ల పడవలకు కొయ్య చివర గాలి నింపిన తేలుడు తిత్తి కడతారు. చిలికా సంగతి వచ్చినప్పుడు ఈ తిత్తిని గుర్తుపెట్టుకోవాలి.

పందెం రోజున ఒడ్డున జరిగే తతంగం కూడా తెలుసుకోవాలి. ఆరంభానికి అయిదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాలు ఉండగా ఇంకోటి, ఒక నిమిషం ఉండగా దాన్ని దించడం, ఆపైన పందెం మొదలు. పసుపు ఎరుపు ఏటవాలు గీతల జెండా ఎగిరితే లైఫ్ జాకెట్ లేనివాడు పందెంలో లేనట్టే. ఎరుపు తెలుపు నిలువు చారల జెండా ఎగిరితే పందెం వాయిదా. నీలం తెలుపు గళ్ల జెండా ఎగిరితే నడుస్తున్న పందెం అక్కడితో రద్దు. గాలి అడ్డగోలుగా పెరిగితే ఆ గళ్ల జెండా ఎత్తడానికి పందెం అధికారి ఎవరి మొహమాటమూ చూడడు. వీటన్నిటి వెనక కనపడకుండా ఉండే ఏర్పాటు ఇంకొకటుంది. నీళ్లలోకి దిగే ప్రతివాడూ ఒడ్డున ఒక పలక మీద నుంచి తన అంకె ఉన్న బిళ్ల తీసుకుంటాడు, లేదా సంతకం పెడతాడు. తిరిగొచ్చాక బిళ్ల మళ్లీ పలకకు తగిలిస్తాడు. సాయంత్రం పలక మీద ఖాళీ కొక్కెం ఒక్కటి మిగిలినా, రక్షణ పడవ మళ్లీ నీళ్లలోకి వెళుతుంది. బిళ్ల తగిలించడం మరిచిపోయి ఇంటికెళ్లినవాడికి, ఎంత గొప్పగా గెలిచినా, చాలా పోటీల్లో శిక్ష పడుతుంది. ఇంగ్లండులో ఊరూరా ఉండే చిన్న క్లబ్బుల్లో రక్షణ పడవ నడపడానికి జీతగాళ్లుండరు. సభ్యులే వంతులు వేసుకుంటారు. ఈ ఆదివారం పందెంలో ఉన్నవాడు వచ్చే ఆదివారం మిగతావాళ్లకు కాపలా ఉంటాడు.

పందెపు నియమాల పుస్తకం తెరిస్తే మొట్టమొదటి నియమం ఆపదలో ఉన్నవాళ్లకు సాయపడమంటుంది. ఏ పడవైనా, ఏ పోటీదారైనా, చేయగలిగిన సాయమంతా చేసి తీరాలి. అలా ఆగినందువల్ల వెనకబడితే ఆ నష్టం పూడ్చే వీలు కూడా ఆ పుస్తకంలోనే ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో తెరచాప పందేలు పుసాన్‌లో జరిగాయి. సెప్టెంబరు 24న గాలి హఠాత్తుగా ముప్ఫై అయిదు నాట్ల దాకా పెరిగింది. కెనడాకు చెందిన లారెన్స్ లెమ్యూ ఫిన్ తరగతి పందెంలో రెండో స్థానంలో ఉన్నాడు. అదే నీళ్లలో ఇంకో తరగతిలో పోటీపడుతున్న సింగపూర్ పడవ ఒకటి తిరగబడి ఉండటం అతనికి కనిపించింది. ఒకడు పడవను పట్టుకుని వేలాడుతున్నాడు, ఇంకొకడు కెరటాలకు దూరంగా కొట్టుకుపోతున్నాడు. లెమ్యూ పందెం వదిలేసి అటు మళ్లాడు. ఇద్దర్నీ తన పడవలోకి లాగి, కొరియా నేవీ పడవ వచ్చి వాళ్లను తీసుకెళ్లేదాకా ఆగాడు. న్యాయనిర్ణేతలు ఆ పందెంలో అతనికి రెండో స్థానమే ఇచ్చారు. పోటీలన్నీ ముగిశాక పతకం రాలేదు. ఒలింపిక్ సంఘం మాత్రం అతన్ని పియరీ ద కూబర్టాన్ పతకంతో గౌరవించింది.

మా జాలర్లకు ఈ కథ చెబితే వాళ్లకు వింతగా ఏమీ తోచదు. సముద్రంలో ఎవడి పడవ ఆగినా పక్క పడవ వెళ్లి తాడు వెయ్యడం వాళ్ల పెద్దల నాటి ధర్మం. ఒడియావాళ్లు నోళియాలని పిలిచే ఈ తెలుగు జాలర్లే పూరీలో, గోపాల్‌పూర్‌లో యాత్రికుల్నీ షికారు వచ్చినవాళ్లనీ చెయ్యి పట్టుకుని కెరటాల్లోకి దించి, మునిగేవాళ్లను బయటికి లాగిన మనుషులు. గోపాల్‌పూర్ రేవుగా వెలిగిన రోజుల్లో ఓడలు ఒడ్డుకు రాలేక దూరంగా లంగరు వేస్తే, మేకుల్లేకుండా కొబ్బరితాడుతో కుట్టిన మసూలా పడవల మీద, విరిగిపడే కెరటాల మధ్యనుంచి సరుకునూ రంగూను వెళ్లే కూలీలనూ చేరవేసింది వాళ్లే. గాలి ఎటు తిరిగితే తెప్ప ఎటు తిప్పాలో వాళ్లకు ఏ క్లబ్బూ నేర్పనక్కర్లేదు.

మరి వాళ్లు నేర్చుకోవలసిందేమిటి? ఊరందర్నీ కాపాడిన ఈ జాలర్లను కాపాడటానికి ఒడ్డున కట్టేసి ఉంచిన రక్షణ పడవ ఏదీ? వేకువన ఎన్ని పడవలు దిగాయి, ఎందరు ఎక్కారు, మధ్యాహ్నానికి ఎందరు తిరిగొచ్చారు అన్న లెక్క ఎవరి దగ్గర ఉంది? పల్లెలో ఆడవాళ్ల నోటి లెక్క ఉంటుంది. నా మొగుడు రాలేదు, నా కొడుకు రాలేదు అని. అది నిజమైన లెక్కే గాని అధికారుల దాకా చేరేసరికి పొద్దు పోతుంది. 2017 నవంబరు చివర్లో ఓఖీ తుపాను కేరళ, కన్యాకుమారి తీరాల జాలర్లను నడిసముద్రంలో పట్టుకున్నప్పుడు ఎంతమంది లోపల ఉన్నారన్న సంగతే రోజుల తరబడి తేలలేదు. ప్రభుత్వం ఒక అంకె చెబితే పల్లెలు ఇంకో అంకె చెప్పాయి. ఒక చెక్కపలక, కొన్ని కొక్కేలు, అంకెలు కొట్టిన బిళ్లలు. పిల్లల ఆటలో ఉన్న ఈ పాటి ఏర్పాటు బతుకుతెరువు కోసం సముద్రంలోకి వెళ్లేవాళ్లకు ఎందుకు లేకపోవాలి?

మనవాళ్లను చిన్నబుచ్చడానికి ఈ మాట అనడం లేదు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటిన గాలిలో, ముందే లక్షలమందిని ఖాళీ చేయించి ప్రాణనష్టాన్ని కొద్దిలో ఆపిన జిల్లా ఇది. 1999 నాటి పెను తుపాను తర్వాత ఒడిశా పట్టుబట్టి నేర్చుకున్న పాఠం అది. పెద్ద గాలికి ఇంత సిద్ధపడినవాళ్లం, రోజువారీ గాలికి సిద్ధపడలేదని నా బాధ. తుపాను పేరుతో వచ్చే గాలికి హెచ్చరికలుంటాయి, లారీలుంటాయి, షెల్టర్లుంటాయి. వేసవి సాయంత్రం వాయవ్యాన నల్లబడి అరగంటలో ఊడ్చేసే కాలబైశాఖికి పేరుపెట్టి పిలిచేవారు ఉండరు.

లైఫ్ జాకెట్ సంగతి చెబితే పెద్దవాళ్లు నవ్వేస్తారు. "మాకెందుకు బాబూ అయ్యి? వల లాగడానికి అడ్డం. గంగమ్మ తల్లి ఉంది గదా" అంటారు. ఆ నమ్మకాన్ని నేను కాదనను. వల లాగేటప్పుడు అడ్డమన్నదీ నిజమే. కానీ పదేళ్ల వయసు నుంచి ఆటలో జాకెట్ తొడిగిన కుర్రాడికి ఇరవయ్యేళ్లకు అది చొక్కాలాగా ఒంటికి అలవాటవుతుంది. పెద్దవాళ్లకు పోస్టర్లతో చెప్పలేనిది పిల్లలకు పందెంతో అలవాటు చేయవచ్చు. గంజాంలో డింగీ క్లబ్బు కావాలనడానికి నా మొదటి కారణం ఇదే.

రెండోది, చేజారుతున్న విద్య. ఇంజన్లు వచ్చాక తెప్పల మీద తెరచాపలు అరుదైపోయాయి. ఇంజను రావడం మంచిదే. మనిషి రెక్కల కష్టం తగ్గింది, దూరం వెళ్లగలిగాడు. కానీ నడిసముద్రంలో ఇంజను ఆగినప్పుడు ఉన్న గుడ్డముక్కతో ఒడ్డు చేరగలిగిన తరం ముసలిదైపోయింది. వాళ్ల మనవలకు ఆ విద్య అందాలంటే బతుకుతెరువుగా అందదు, ఆటగా అందవచ్చు. తాత తెరచాప పట్టిన చేతులతోనే పిల్లాడి లేజర్ తాడు సరిచేస్తే, ఆ క్లబ్బుకు హైదరాబాద్‌లో దొరకని గురువు దొరికినట్టే.

ఎక్కడ పెట్టాలన్నదానికి నా జవాబు రంభ. గోపాల్‌పూర్ ఒడ్డున ఏడాదిలో చాలా రోజులు కెరటం విరిగే తీరు డింగీలకు పనికిరాదు. నీళ్లలోకి దించేలోపే కొయ్య విరుగుతుంది. చిలికా అలా కాదు. 1981లో మన దేశంలో మొదటగా, చిత్తడి నేలలకిచ్చే రామ్‌సర్ గుర్తింపు పొందిన సరస్సు అది. వెయ్యి చదరపు కిలోమీటర్లకు అటూ ఇటూగా పరుచుకున్నా లోతు చాలాచోట్ల రెండు మీటర్లు దాటదు. వేసవిలో దక్షిణపు గాలి మధ్యాహ్నమయ్యేసరికి బాగా లేస్తుంది, నీళ్ల మీద పొట్టి పొట్టి కెరటాలు లేపుతుంది. లోతు తక్కువ గనక ఆ కెరటాలు దగ్గరదగ్గరగా, నిటారుగా వస్తాయి. నేర్చుకునేవాడికి అంతకన్నా మంచి బడి లేదు, కాపలా లేనివాడికి అంతకన్నా చెడ్డ చోటూ లేదు. రంభ ముందు నీళ్లలో ఒక రాతిదిబ్బ మీద పద్దెనిమిదో శతాబ్దం చివర్లో గంజాం కలెక్టరుగా ఉన్న స్నాడ్‌గ్రాస్ కట్టించిన స్తంభం ఇప్పటికీ నిలబడి ఉంది. పందెపు పడవలు చుట్టి రావడానికి అంతకన్నా చక్కని గురుతు ఎవరైనా కొత్తగా కట్టగలరా?

ఇదే సరస్సు ఒడ్డున, ఖుర్దా జిల్లాలో, 1980 నుంచి నడుస్తున్న నావికాదళ శిక్షణ కేంద్రం ఐఎన్ఎస్ చిలికా ఉంది. నేవల్ ఎన్‌సీసీ పిల్లల అఖిల భారత యాటింగ్ పోటీలు అక్కడ జరిగాయి. వాళ్లు నడిపే ఎంటర్‌ప్రైజ్ పడవ ఇద్దరెక్కేది, నాలుగు మీటర్లది, 1956లో జాక్ హోల్ట్ గీసినది. అంటే చిలికా నీళ్లు డింగీలకు కొత్త కావు. పడవలూ నేర్పేవాళ్లూ ఇదే సరస్సు ఒడ్డున ఉన్నారు. రంభ వైపు ఉన్న జాలరి పిల్లలకు వాళ్లతో పరిచయం కలగలేదు, అంతే.

అభ్యంతరాలు ఉంటాయి. చిలికాలో చేపలు పట్టే హక్కుల మీద దశాబ్దాల తగాదాలున్నాయి. వలకట్లు, రొయ్యల పెంపకానికి కట్టిన ఘేరీలు అడుగడుగునా ఉన్నాయి. ఎవరినీ అడక్కుండా నాలుగు బోయాలు పాతి "ఇది మా పందెపు చోటు" అంటే గొడవే. స్థానిక మత్స్యకార సంఘాలతో కూర్చుని, ఏ నెలలో ఏ ముక్క ఖాళీగా ఉంటుందో వాళ్లే చెప్పగా మొదలుపెట్టాలి. చలికాలంలో పక్షులు దిగే నెలల్లో పందేలు వద్దే వద్దు. అప్పుడు గాలి కూడా అంత ఉండదు. మార్చి నుంచి జూన్ మొదటిదాకా గాలి కాలం. అందులోనూ కాలబైశాఖి భయం ఉన్న సాయంత్రాలు విడిచిపెట్టి, గళ్ల జెండా ఎత్తడానికి వెనకాడని మనిషిని అధికారిగా పెట్టుకోవాలి. ఆ ఒక్క మనిషి ఎంపికలో మొహమాటపడితే మిగతా ఖర్చంతా వృథా. పడవల కన్నా ముందు కొనవలసింది ఇంజనున్న రక్షణ పడవ, జాకెట్లు, కొయ్య చివర కట్టే తిత్తులు. డబ్బు అక్కడికే సరిపోయిందంటే ఆ ఏడాదికి పిల్లలకు ఈతా, తిరగబడ్డ పడవను లేపడమూ నేర్పితే చాలు. పందెం మరుసటి ఏడాది చూసుకోవచ్చు.

బరంపురంలో తెలుగు సంఘాలున్నాయి. ఉగాదికి కవి సమ్మేళనాలు పెడతాం, ఈ ఊళ్లో పుట్టిన వి.వి. గిరిని తలచుకుంటాం, మంచిదే. ఊరి తెలుగువాళ్లలో వ్యాపారులూ, డాక్టర్లూ, పంతుళ్లూ ఉన్నారు. పదహారు కిలోమీటర్ల అవతల ఉన్న తెలుగువాళ్ల పల్లెలతో మనకున్న సంబంధం చేపల బజారు దాకానే ఎందుకు ఆగిపోవాలి? ఆ పల్లెల నుంచి పదిమంది పిల్లల్ని, వాళ్లతోపాటు సముద్రం తెలిసిన ఇద్దరు పెద్దల్ని, జూలై మొదటి వారంలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కించి హుస్సేన్‌సాగర్‌కు తీసుకెళ్లమని అన్ని సంఘాలనూ అడుగుతున్నాను. పందేలు చూపించండి, బిళ్లల పలక చూపించండి, పడవ తిరగేసి లేపే పాఠం దగ్గర కాసేపు నిలబెట్టండి. తర్వాత రంభలో ఏం చెయ్యాలో ఆ ఇద్దరు పెద్దల్నే అడగండి. టాంక్‌బండ్ మీద నిలబడి పందెం చూడటానికి టికెట్టు అక్కర్లేదు.